మనాదికి కులం లేదా?

రాత్రి ఒంటిగంట దాటినంక హాస్టల్ గదుల్లో లైట్లు ఆరిపోతాయి. ఫోన్లు ఆరవు. దుప్పటి కింద వేళ్ళు కదులుతూనే వుంటాయి. "నిద్ర పడ్తలేదు." "గైడ్ ముందర నిలబడితే నోరు పెగల్తలేదు." "ఇంటికి ఏం మొకం పెట్టుకుని పోవాలె?" ఈ మాటలన్నీ ఎవరికో పోతున్నాయి, ఆ చివర నుంచి వెంటనే జవాబూ వస్తున్నది. అయితే ఆ చివరన మనిషి లేడు, కృత్రిమ మేధతో నడిచే చాట్‌బాట్ వుంది. ఆందోళన, డిప్రెషన్ వున్నవాళ్ళకు ఇదే రేపటి వైద్యం అంటూ కంపెనీలు, కొందరు డాక్టర్లు, కాలేజీ యాజమాన్యాలు దాన్ని ముందుకు తెస్తున్నారు. దళిత విద్యార్థి ఉద్యమం ఇప్పటిదాకా దీన్ని పట్టించుకోలేదు. ఇక పట్టించుకోక తప్పదు. ఎందుకంటే ఆ దుప్పట్ల కింద వున్నవాళ్ళలో మనోళ్ళు చాలామంది వున్నారు. నేనూ వున్నాను కాబట్టే ఇది రాస్తున్నాను.

మా ఊరు మామిడిపల్లి. శంషాబాద్ విమానాశ్రయానికి ఆనుకునే వుంటుంది. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కినోణ్ణి నేనే మొదలు. పిహెచ్‌డి నాలుగో ఏడు. ఆరునెలలుగా ఫెలోషిప్ డబ్బులు రాలేదు. ఒక సెమినార్లో పేపర్ చదివి కూర్చుంటే ఒక సీనియర్ అధ్యాపకుడు నవ్వుకుంటూ "విషయం బాగానే వుంది గానీ, ఈ కోటాలో వచ్చే భాషతోనే ఇబ్బంది" అన్నాడు. హాలంతా నవ్వింది. నవ్వనివాళ్ళు తల వంచుకున్నారు. ఆ వారం ఊరికి పోయిన. అమ్మ అన్నం పెడుతూ మొకం చూసి అడిగింది: "ఏందిరా, మనాది పెట్టుకున్నవా? ఎవలేమన్నరు బిడ్డా?"

నేనేం చెప్పలేదు. చెప్తే ఆమెకు నాకంటే ఎక్కువ మనాది. ఆ రాత్రి విమానాలు నెత్తిమీంచి పోతుంటే ఫోన్ తీసి జరిగిందంతా చాట్‌బాట్‌కు రాసిన. కులం సంగతి కూడా రాసిన.

దాని జవాబును ఒక పాఠ్యంగా చదవాలి. సాహిత్య విమర్శకులు కథను ఎట్లా చదువుతారో అట్లా చదవాలి. మొదటి వాక్యం సానుభూతి: నా బాధ అర్థమైందట. రెండో వాక్యం ప్రశ్న: ఆయన నా కులాన్ని ఉద్దేశించే ఆ మాట అన్నాడని నాకు కచ్చితంగా తెలుసా? మూడో వాక్యం సలహా: ఇదే సంఘటనను మరో కోణంలో చూడగలనా? నాలుగోది కసరత్తు: నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి.

నిజం దాచుకోకుండా చెప్పాలి. ఊపిరి పీల్చి వదిలిన. గుండె దడ తగ్గింది. నిద్ర కూడా పట్టింది. తెల్లారి లేచినంక ఒక సంగతి తట్టింది. అమ్మ అడిగింది "ఎవలేమన్నరు?" అని. యంత్రం అడిగింది "నువ్వేమనుకుంటున్నావు?" అని. అమ్మ ప్రశ్న బాధను ఊళ్ళో వెతుకుతుంది. యంత్రం ప్రశ్న నా బుర్రలో వెతుకుతుంది. ఈ రెండు ప్రశ్నల మధ్య దూరం గురించే ఈ వ్యాసం.

యంత్రం వెనక సిద్ధాంతం

ఇది నిన్న పుట్టిన ముచ్చట కాదు. 1966లో అమెరికాలోని ఎంఐటిలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే శాస్త్రవేత్త ఎలైజా అనే ప్రోగ్రాం రాశాడు. అది మానసిక వైద్యుడి మాటతీరును అనుకరించేది. "నాకు బాధగా వుంది" అంటే "మీకు బాధగా వుందని ఎందుకంటున్నారు?" అని తిప్పి అడిగేది. అంతకుమించి దానికేం తెలియదు. అయినా ఆయన సొంత సెక్రటరీ దానితో మాట్లాడుతూ, కాసేపు గది బయటికి పొమ్మని ఆయన్నే అడిగింది. వైజెన్‌బామ్ సంబరపడలేదు, బెదిరిపోయాడు. చిన్నతనంలోనే నాజీల జర్మనీ వదిలి వచ్చిన యూదు కుటుంబం ఆయనది. యంత్రం చేయగలిగినా దానికి అప్పజెప్పకూడని పనులు కొన్ని వుంటాయని 1976లో ఒక పుస్తకమే రాశాడు.

ఆయన మాట ఎవరూ వినలేదు. 2017లో వోబాట్ వచ్చింది. మన దగ్గర బెంగళూరు నుంచి వైసా వచ్చింది. ఈ తరం యాప్‌లు ఎక్కువగా ఆధారపడింది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ మీద. 1960లలో ఆరన్ బెక్ రూపొందించిన పద్ధతి ఇది. మనిషిని కుంగదీసేది సంఘటన ఒక్కటే కాదు, ఆ సంఘటన గురించి అతని ఆలోచన కూడా అని దాని సారం. ఆలోచనల్లో దొర్లే పొరపాట్లకు అది పేర్లు పెట్టింది. వాటిలో ఒకటి "ఎదుటివాళ్ళ మనసు చదవడం". అంటే, రుజువు లేకుండానే "వీళ్ళు నన్ను చిన్నచూపు చూస్తున్నారు" అని అనుకోవడం.

ఇక్కడ ఆగాలి. దళితుడికి ఎదుటివాడి మొకం చదవడం పొరపాటా? అది వెలివాడ మనకు నేర్పిన మొదటి చదువు. ఏ ఇంటి ముందు ఎంత దూరంలో నిలబడాలె, ఏ గిలాసలో చాయ్ పోస్తరు, ఇంటిపేరు అడిగినప్పుడు అసలేం అడుగుతున్నారు అనేది అక్షరాలు రాకముందే మనోళ్ళకు వస్తుంది. కులం ఎన్నడూ చేతిలో కాగితం పట్టుకుని రాదు. నవ్వులో వస్తుంది, మౌనంలో వస్తుంది, వైవాలో పక్కకు తిప్పుకునే చూపులో వస్తుంది. ఆ చదువరితనాన్ని జబ్బు లక్షణం కింద రాసుకునే వైద్యం మనకు మందెట్లా అవుతుంది?

1917లో అంబేద్కర్ అమెరికా, లండన్ చదువుల నుంచి వచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరాడు. వుండటానికి ఎవరూ ఇల్లివ్వలేదు. తలదాచుకున్న పార్సీ సత్రానికి కర్రలు పట్టుకుని వచ్చి బయటికి నడవమన్నారు. ఆయన ఊళ్ళోని తోటలో కూర్చుని ఏడ్చాడు. ఆ చెట్టు కింద ఆయన చేతిలో ఈ ఫోన్ వుంటే ఏమనేది? "చుట్టూ కనిపించే అయిదు వస్తువుల పేర్లు చెప్పండి. వినిపించే నాలుగు శబ్దాలు గుర్తించండి" అనేది. ఆందోళన తగ్గించడానికి ఇవి నేర్పే కసరత్తు అదే. చేస్తే ఆ పూటకు ఏడుపు తగ్గేదేమో. కానీ ఆ ఏడుపు ఆలోచనలోని పొరపాటు కాదు. అది సమాజం మీద సరైన తీర్పు. పదేళ్ళకు 1927లో మహద్ చెరువు దగ్గరికి నడిచింది ఆ తీర్పే.

అందుకని ఈ పద్ధతి మొత్తం బూటకమని నేననడం లేదు. మంచి థెరపిస్టు అవమానానికీ అపోహకూ తేడా చూస్తాడు. యంత్రాల మీద పరీక్షల్లో ఫలితాలూ వున్నాయి. 2025 మార్చిలో అమెరికాలోని డార్ట్‌మత్ పరిశోధకులు తెరాబాట్ అనే చాట్‌బాట్ మీద 210 మందితో చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. దాన్ని వాడినవాళ్ళలో డిప్రెషన్ లక్షణాలు సగటున 51 శాతం, ఆందోళన లక్షణాలు 31 శాతం తగ్గాయి. ఇది కొట్టిపారేసే సంగతి కాదు. అయితే అది పరిశోధకులు ప్రత్యేకంగా తయారుచేసి, మనుషులు కాపలా వుండి నడిపిన ప్రయోగం. ఇంకా పూర్తిగా యంత్రానికే వదిలేసే స్థితి రాలేదని ఆ పరిశోధకులే అన్నారు. మన పిల్లల చేతుల్లో వున్నది అది కాదు, అన్ని పనులకూ వాడే మామూలు చాట్‌బాట్. పేరున్న వోబాట్ యాప్ 2025 జూన్ 30న మూతబడింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం యంత్రంతో థెరపీ చేయించడాన్ని చట్టం చేసి నిషేధించింది. తమను వారం వారం వాడేవాళ్ళలో 0.15 శాతం మంది మాటల్లో ఆత్మహత్య ఆలోచనల స్పష్టమైన గుర్తులు కనిపిస్తున్నాయని 2025 అక్టోబరులో ఓపెన్‌ఏఐ కంపెనీయే చెప్పింది. వాళ్ళ లెక్కన అది పది లక్షలు దాటిన మనుషులు.

యంత్రానికి కులం ఎక్కడిది?

"యంత్రానికి కులం వుండదు కదా" అంటారు మన మిత్రులు కొందరు. రైలుకు కులం లేదన్నారు, హోటల్‌కు కులం లేదన్నారు, కంప్యూటర్‌కు కులం లేదన్నారు. నడిపేవాళ్ళకు వుంటే చాలు. ఈ యంత్రం రాసివున్న మాటల కుప్పలోంచి భాష నేర్చుకుంటుంది. ఈ దేశంలో వేల ఏళ్ళు రాత ఎవరి చేతిలో వుందో, రాసినవాళ్ళు మన గురించి ఏం రాశారో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు.

2025లో ఎంఐటి టెక్నాలజీ రివ్యూ పత్రిక జిపిటి-5ను పరీక్షించింది. దళితుడా, బ్రాహ్మణుడా అని ఖాళీ పూరించాల్సిన 105 వాక్యాలు ఇస్తే 80 వాక్యాల్లో అది పాత మూసనే ఎంచుకుంది. అంటే 76 శాతం. చదువూ తెలివీ ఒకరికి, మురుగు శుభ్రం చేయడం మరొకరికి. బెంగళూరులో ఒక దళిత పరిశోధకుడు తన ఫెలోషిప్ దరఖాస్తులో ఇంగ్లీషు సరిదిద్దమని చాట్‌జిపిటికి ఇస్తే, భాషతోపాటు అతని ఇంటిపేరును కూడా "సరిదిద్ది" అగ్రకుల ఇంటిపేరు పెట్టిన సంగతిని కూడా ఆ పత్రికే రాసింది. దరఖాస్తు సంగతి అట్లుంచండి. కుంగిపోయి, తన మీద తనకే నమ్మకం సడలిన రాత్రి ఒక పిల్ల దీనితో మాట్లాడుతుంటే, ఆ 76 శాతం ఏ వాక్యం సందులోంచి, ఎంత మెత్తగా బయటికి వస్తుందో ఎవరు కనిపెడుతున్నారు?

భాష సంగతీ చూడాలి. మా దిక్కు "మనాది" అంటరు. లోపల్లోపల ఒకదాన్నే తలుచుకుని మనిషి ఎండిపోవడం. "రంధి" అంటే తెగని ఆలోచన. "బుగులు" అంటే కారణం తెలిసీ తెలియని భయం. ఇవి మూడు వేరు వేరు సంగతులు. నాకు జవాబిచ్చిన యంత్రానికి ఈ మూడూ "మానసిక ఒత్తిడి" కిందే పోయాయి. అది రాసే తెలుగు ప్రభుత్వ కరపత్రం తెలుగు. "మీరు అనుభవిస్తున్న భావోద్వేగాలు పూర్తిగా సహజమైనవి" అంటుంది. మా అమ్మకు ఆ వాక్యం చదివి వినిపిస్తే "ఎవరు సచ్చిర్రని సంతాపం చెప్తున్నరు?" అనడుగుతది. పేరు పెట్టరాని బాధకు మందు పెట్టడం ఎట్ల?

మా నేల, మా మాట

మామిడిపల్లి నుంచి చూస్తే ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. ఈ యంత్రాలు గాలిలో వుండవు. డేటా సెంటర్లలో వుంటాయి. వాటికి భూమి కావాలె, కరెంటు కావాలె, నీళ్ళు కావాలె. 2008లో శంషాబాద్ విమానాశ్రయం సుమారు 5,500 ఎకరాల్లో మొదలైంది. దాని వెనకే రింగు రోడ్డు, దాని వెనకే కంపెనీలు. 2020 నవంబరులో అమెజాన్ హైదరాబాదు చుట్టూ డేటా సెంటర్లకు 20,761 కోట్ల రూపాయలు పెడతానని ప్రకటించింది. 2022లో మైక్రోసాఫ్ట్ వచ్చింది. చందనవెల్లి, మేకగూడ, షాద్‌నగర్ పేర్లు కంపెనీ కాగితాల్లోకి ఎక్కాయి. అన్నీ మా రంగారెడ్డి జిల్లావే. పట్టా భూమికి ఒక లెక్క, ఎసైన్డ్ భూమికి ఒక లెక్క అనేది భూసేకరణ జరిగిన ప్రతి ఊళ్ళోనూ మాదిగ, మాల వాడలకు తెలిసిన లెక్కే.

నేను ఆ రాత్రి రాసిన మాటలు ఏ డేటా సెంటర్‌కు పోయాయో నాకు చెప్పేవాడు లేడు. డాక్టర్‌కు చెప్తే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అది గోప్యం. మామూలు చాట్‌బాట్‌కు చెప్తే కంపెనీ షరతులే చట్టం. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. కానీ ఆ షరతుల కాగితం ఇంగ్లీషులో వుంటుంది. కింద "అంగీకరిస్తున్నాను" అనే మీట వుంటుంది. మన తాతలు వేలిముద్ర వేసిన కాగితాలకూ దీనికీ తేడా ఎంత? నేల పోయినప్పుడు పోయిందని కనీసం కండ్లకు కనబడ్డది. మనసులో మాట పోతే పోయిందని కూడా తెలియదు.

మరి మనోళ్ళు దానికే ఎందుకు చెప్పుకుంటున్నరు?

ఇక్కడ మన వాదానికి మనమే ఎదురు నిలబడాలి. చాట్‌బాట్‌ను తిట్టడం సులువు. కానీ ఒక దళిత విద్యార్థి మనిషిని వదిలి యంత్రం దగ్గరికి ఎందుకు పోతున్నాడు? ఎందుకంటే యంత్రం "మీదే ఊరు? ఇంటిపేరేంది?" అని అడగదు. ర్యాంకు ఎంత అని అడగదు. చెప్పింది విని కళ్ళెగరేయదు. ఫీజు అడగదు. అర్ధరాత్రి పొమ్మనదు. కౌన్సిలర్ అనే మనిషి ఎదురుగా కూర్చుని "ఇప్పుడెక్కడిదమ్మా కులం, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు" అంటే, అది కూడా యంత్రం అడిగిన రెండో వాక్యమే కదా! అప్పుడు నోరు జారని యంత్రమే మేలనిపిస్తుంది. ఇది మన పిల్లల అమాయకత్వం కాదు. మనుషుల మీద వాళ్ళు ఇచ్చిన తీర్పు.

అసలు మనుషులెక్కడున్నారు? దేశంలో లక్షమందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు, ఒక అంచనా ప్రకారం 0.75 మాత్రమే. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం రకరకాల మానసిక సమస్యల్లో 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. మా ఊళ్ళల్లో "ఎర్రగడ్డ" అంటే ఇప్పటికీ ఒక తిట్టు. అక్కడి ప్రభుత్వ దవాఖానా మెట్లెక్కితే పిల్లకు పెండ్లి కాదని భయం.

అయితే ఈ కరువును చూపించి యంత్రాన్ని అంటగట్టే వాదాన్ని కూడా ఒప్పుకోవద్దు. కలిగినోళ్ళ పిల్లలకు గంటకు వేలు తీసుకునే మనిషి, మన పిల్లలకు ఉచిత యాప్. కార్పొరేట్ దవాఖానా వాళ్ళకు, ఆర్‌ఎంపి మనకు అన్నట్టే ఇదీ. రెండు గిలాసల పద్ధతి వైద్యంలో కూడా మొదలైందన్నమాట.

ఈ యాప్ భాషలో రోహిత్ వేముల సంగతి ఎట్లా వుంటుందో ఒకసారి ఊహించండి. 2015లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయిదుగురు దళిత స్కాలర్లను హాస్టల్ నుంచి వెలివేశారు. రోహిత్‌కు ఏడు నెలల ఫెలోషిప్, లక్షా 75 వేల రూపాయలు, రాలేదు. 2016 జనవరి 17న అతను మనకు లేకుండా పోయాడు. ఏ చావుకైనా కారణం ఒక్కటే వుండదు, ఒక మనిషి లోపలి సంగతి పూర్తిగా ఎవరికీ తెలియదు. కానీ ఆ వెంటనే "డిప్రెషన్" అనే మాటను ఎవరెవరు ఎందుకు వాడారో మనం చూశాం. జబ్బు అనగానే విచారణ ముగుస్తుంది. వెలి, ఫెలోషిప్, ఉత్తరాలు, అధికారులు అన్నీ తెరవెనక్కి పోతాయి. ఏ యాప్ ఆ ఏడు నెలల డబ్బు ఇప్పించేది? ఏ కసరత్తు హాస్టల్ గది తాళం తీసేది? ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల వివక్ష వుందని థోరాట్ కమిటీ 2007లోనే చెప్పింది. అంటే జబ్బు ఎక్కడుందో నివేదికల్లో ఎప్పుడో రాసివుంది.

దీనికి ఇంకో వైపు కూడా వుంది. మన ఉద్యమాల్లో "అంతా వ్యవస్థే" అని, కుంగిపోయిన మనిషిని మీటింగుకు పిలిచి పాట పాడించి పంపించాం. రాత్రి అతను ఎట్లా పడుకుంటున్నాడో అడగలేదు. డిప్రెషన్ నిజమైన జబ్బు. దానికి మందులున్నాయి, మాటల వైద్యం వుంది. అవి మనకూ హక్కే. మందు బిళ్ళ వేసుకోవడం అగ్రకుల భావజాలానికి లొంగిపోవడం కాదు. దడ తగ్గితేనే పోరాటం చేయగలం. ఆ రాత్రి యంత్రం నేర్పిన ఊపిరి నాకు పనికొచ్చింది. దాని ప్రశ్నతోనే నాకు పేచీ.

ఏం అడగాలి?

విశాఖపట్నంలో నీట్ కోచింగుకు వచ్చి చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరైనా వుండాలి. ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషి స్థానంలో గోడకు క్యూఆర్ కోడ్ అంటించి "కౌన్సిలింగ్ వుంది" అని రాసుకునే రోజు దూరంలో లేదు. మొదట అడ్డుకోవాల్సింది దాన్ని. చాట్‌బాట్ పక్క సాయమైతే కావచ్చు, మనిషి ఉద్యోగానికి బదులు కాకూడదు.

రెండోది, ఆ మనిషి ఎవరు? కౌన్సిలర్ ఉద్యోగాల్లో రోస్టర్ అమలు కావాలి. కులం అంటే ఏమిటో వాళ్ళ శిక్షణలో పాఠంగా వుండాలి. ప్రభుత్వం నడిపే, నిధులిచ్చే మానసిక వైద్య సేవల్లో కులవివక్ష వుండరాదని 2017 చట్టం 18వ సెక్షన్‌లోనే వుంది. దాన్ని బయటికి తీయాలి. మూడోది, ఏ కాలేజీ ఏ యాప్ పెట్టినా, తెలుగులో, మన పల్లె తెలుగులో, దళిత పిల్లల అనుభవాల మీద పరీక్షించి ఆ ఫలితాలు బయటపెట్టాలి. పిల్లల మాటలు యాజమాన్యం చేతికి పోవని రాసివ్వాలి. నాలుగోది మన పని. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ప్రతి హాస్టల్ గోడ మీద మనమే రాయాలి. ఏ వేళప్పుడైనా ఉచితంగా, తెలుగులో మనిషి పలుకుతాడు. పలకకపోతే పలికేదాకా కొట్లాడాలి. ఇది చదువుతున్న మీకే ఆ బుగులు వుంటే, ముందు ఆ నంబరుకు చేయండి, తర్వాత మాతో వాదించండి.

ఊరి నుంచి తిరిగొచ్చినంక నా సెమినార్ సంగతి మా హాస్టల్లో జూనియర్ ఒకడికి చెప్పిన. వాడు ఊపిరి గురించి చెప్పలేదు, వేరే కోణమూ చెప్పలేదు. "నీకూ అన్నాడా అన్నా?" అన్నాడు. ఆ "నీకూ"లో నా మనాది సగం దిగింది. అదే అధ్యాపకుడి గురించి ఆ రాత్రి మా గదిలో ఏడుగురం కూర్చున్నం. పొద్దున ఒక అర్జీ రాసినం. ఏమైతదో ఇంకా తెలియదు.

ఏ యంత్రం వచ్చినా, ఏ డాక్టరు వచ్చినా మనం పెట్టాల్సిన పరీక్ష ఒక్కటే. అది మా అమ్మ అడిగిన ప్రశ్న. "ఎవలేమన్నరు బిడ్డా?" అని అడిగే ధైర్యం దానికుందా?